వంగిన వీపు

మాబుని హమాలీల సంఘం నుంచి తీసేశారు. చేసిన నేరం చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. సమ్మె రోజున బస్తాకి చెయ్యి వేశాడు. ఒక్క బస్తాకి!

గుంటూరు మిర్చి యార్డులో బస్తాని ఎవడూ ఒంటరిగా వీపుకెత్తుకోడు. తను వంగాలి, పక్కవాడు చెయ్యి వేసి ఎక్కించాలి. వంగినవాడు ఏ ముఠావాడో, తనతో మాటలున్నాయో లేదో ఎవరూ చూడరు. వంగిన వీపుని ఊరికే నిలబెట్టకూడదు, అంతే. మాబు మీసాలు రాకముందే నేర్చుకున్న సంగతి అది.

సమ్మె కూడా ఉత్తపుణ్యానికి చేసింది కాదు. బస్తా మీదపడి నడుం విరిగిన తోటి హమాలీ అనీస్‌కి వైద్యం చేయించమని చేసింది. మాబు కూడా గొంతు చించుకుని అరిచాడు. ఇంతలో వాన కమ్ముకొచ్చింది. సత్తెనపల్లి నుంచి మిరపకాయ అమ్ముకోడానికి తెచ్చుకున్న రైతు సుబ్బరావమ్మ, ఆరుబయట ఉన్న సరుకుని చూసి గుండె బాదుకుని, ఎవర్నీ అడక్కుండా తనే బస్తా ముందు వంగింది. పక్కనే మాబు. చేతులు ముందు వెళ్లిపోయాయి, బుర్ర తర్వాత వెళ్లింది.

మర్నాడే కమిటీ అతని మాట వినకుండా సంఘం బిళ్ల లాక్కుంది. బిళ్ల లేనివాడికి యార్డులో పని లేదు.

లేబర్ ఆఫీసుకి పోతే, "యజమానితో గొడవైతే చూస్తాం. మీకూ మీ సంఘానికీ మధ్య తగువు మా పరిధిలోకి రాదండి" అన్నారు. లాయరేమో, "ముందు సంఘంలోనే అప్పీలు చేసుకో, కోర్టు తర్వాత" అన్నాడు. సంఘం అధ్యక్షుడు యేసుపాదం, "ఆఫీసుల చుట్టూ తిరిగావుగా, అక్కడే తేల్చుకో పో" అన్నాడు. అయ్యో, మనిషి మొర వినే చోటు ఒక్కటీ లేదా!

యేసుపాదం పరాయివాడైనా బాగుండేది. ఏళ్ల తరబడి ఇద్దరూ జతగా బరువులెత్తినవాళ్లు.

"తీసేస్తే తీసేయమనవే గుల్షన్. ముందు నా మాట వినాలి గదా!" అని భార్య దగ్గర కుమిలిపోయాడు మాబు.

"ఆఫీసుల్లో నువ్వెవరికి తెలుసు?" అంది గుల్షన్. "తెలిసినోళ్ల ముందుకే పో."

పొద్దున్నే యార్డుకి వెళ్లాడు. ముఠావాళ్లెవరూ పలకరించలేదు. తిన్నగా యేసుపాదం పక్కకు పోయి, అక్కడున్న బస్తా ముందు వంగాడు.

మాబుకి నేలమీద రాలిన మిరపగింజలే కనిపిస్తున్నాయి. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. చెయ్యి రాకపోతే ఈ జన్మకి మళ్లీ ఈ గేటు తొక్కలేనని అతనికి తెలుసు.

బరువు వీపు మీదికి వచ్చింది.

"యేసుపాదమన్నా! తీసేసినోడికి చెయ్యేశావేంది?" ఎవరో అరిచారు.

యేసుపాదం తన చేతుల వంక చూసుకున్నాడు. "నేనెయ్యలేదురా. అయ్యే పోయినయ్" అన్నాడు.

అనేశాకే అతనికి వెలిగింది. కమిటీ ముందు మాబుని చెప్పుకోనివ్వని మాట అదే.

కాసేపటికి తన బిళ్ల తీసి పక్క బస్తా మీద పెట్టాడు.

"పనాపండ్రా. అందర్నీ పిలవండి. ముందు మాబు చెబుతాడు, తర్వాత నేను చెబుతా. తీస్తే ఇద్దర్నీ తీయండి."

మాబు వీపు మీది బస్తా దించడానికి నలుగురు వచ్చారు. అతను నడుం నిలబెట్టి, కళ్లు తుడుచుకుని, అందరి వైపూ తిరిగాడు.

"ఆ రోజు వానొచ్చేట్టుందన్నా..." అని మొదలుపెట్టాడు.