నూట అరవై ఒక్క టిక్కులు

కోడలు సంచి సర్దుతోంది. అడుగున తువ్వాళ్ళు, వాటి మీద పిల్లాడి చొక్కాలు, పక్క అరలో పాలసీసా, పై అరలో ఆసుపత్రి ఫైలు. ముసలావిడ మంచం అంచున మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్కో వస్తువూ సంచిలోకి దిగుతుంటే ఆమె గుండె కూడా ఒక్కో మెట్టు దిగుతోంది. సంచులంటే ఆమెకు మొదటినుంచీ భయం. సంచి సర్దుకుని వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళెవరూ ఆమెకు గుర్తుండరు.

"ఇంకో జత సాక్సు ఏవత్తయ్యా?"

"ఆరలేదమ్మాయ్. ఈ ఇంట్లో ఏది ఆరింది గనక!"

కోడలు నవ్వింది. ఆ మాట నిజమే. నాలుగో అంతస్తులో రెండు గదులు. కిటికీ తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో పక్క బిల్డింగు గోడ. ఎండ ఆ గోడ అంచు దాకా వచ్చి, అక్కడినుంచి అటే వెళ్ళిపోతుంది. ముసలావిడ కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాడు, వాళ్ళ బిల్డింగుకి మాత్రం లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులతో పిల్లాణ్ణి ఎత్తుకుని డెబ్భై రెండు మెట్లు దిగి ఎండలోకి వెళ్ళడం ఆమె వల్ల కాదు. కోడలు కళ్ళజోళ్ళ షాపులో పొద్దున తొమ్మిదికి ఎక్కితే సాయంత్రం ఆరుకి దిగుతుంది. అందుకే పిల్లాడు పుట్టిన నెలకి డాక్టరమ్మ చుక్కల మందు రాసింది. "రోజూ ఈ గీత దాకా. మరిచిపోవద్దు. ఎండ తగలని పిల్లలకి విటమిన్ డి చాలదు" అంది.

"అక్కడ మా అమ్మావాళ్ళ వరండాలో పొద్దున్నుంచీ ఎండేనత్తయ్యా," అంది కోడలు, సాక్సుల ఆశ వదులుకుని. "పెద్దాసుపత్రి కూడా దగ్గర. పరీక్షలన్నీ అయ్యాక, రెండు నెల్లు చూసుకుని వచ్చేస్తాం. వచ్చాక మళ్ళీ మీ చేతుల్లోనే పెడతాను. మీకంటే శ్రద్ధగా ఎవరు చూస్తారు?"

ముసలావిడ ఒళ్ళోని పిల్లాడి అరికాలు నిమురుతూ తల దించుకుంది. ఆ అరికాలు మీద ఇంకా నల్లటి చుక్క ఉంది, రక్తం తీసిన చోట.

పిల్లాణ్ణి ఇంట్లో పిచ్చుక అంటారు. పుట్టినప్పుడు అంతే ఉన్నాడు. కిందటి నెల దగ్గు పట్టి, పడిశం రొమ్ముకి దిగి, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు పడుతుంటే, అచ్చం పిచ్చుక రొమ్ములాగే ఎగిరెగిరి పడింది. ఐదు రోజులు ముక్కుకి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. మూడో రోజు రక్తపరీక్ష కాయితం వచ్చింది. డి విటమిన్ కనీసం ఇరవై ఉండాల్సిన చోట ఎనిమిది ఉంది.

"ఇందువల్లే జబ్బు వచ్చిందని నేను చెప్పలేను," అంది డాక్టరమ్మ. "డి బాగా ఉన్న పిల్లలకీ ఈ జబ్బు వస్తుంది. తక్కువున్న పిల్లల్లో ఇలాంటివి ఎక్కువ కనిపిస్తాయి, అంతవరకే. కానీ ఎముకల కోసమైనా డి పెరిగి తీరాలి. చుక్కలు రోజూ వేస్తున్నారా?"

"ఒక్క రోజు తప్పలేదండీ. చూడండి." కోడలు ఫోనులో ఉన్న ఫొటోలు చూపించింది. వంటింటి గోడ మీది కేలెండరు, నెల నెలా. సెప్టెంబరు పదో తేదీ నుంచీ ప్రతి గడిలోనూ ఎర్రపెన్సిలు టిక్కు. "మా అత్తయ్య వేస్తారు. ఆవిడ చేతిలో పెడితే బ్యాంకు లాకరులో పెట్టినట్టేనండీ."

డాక్టరమ్మ ఫొటోలు చూసింది. ముసలావిడ వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు కింద ముసలావిడకి తల కొట్టేసినట్టయింది.

"ఇంత సరిగ్గా వేసినా పెరగలేదంటే, ఒంటికి పట్టట్లేదన్నమాట," అంది డాక్టరమ్మ. "పేగుల్లోనో, లివర్లోనో, కిడ్నీల్లోనో ఏదో లోపం ఉండొచ్చు. పెద్దాసుపత్రికి రాస్తాను. మళ్ళీ రక్తం తియ్యాలి, కొన్ని పరీక్షలు ఎక్కువే ఉంటాయి. కావాలంటే పెద్ద డోసు ఇంజెక్షను ఇస్తారు."

ఆ ఉత్తరమే ఇప్పుడు సంచి పై అరలో ఉంది.

ఆ టిక్కుల్లో మొదటి నాలుగే నిజం.

ముసలావిడ బడికి పోలేదు. ముప్పై దాటాక చదువుకుంది, తనంతట తనే. చొక్కాల కార్ఖానాలో గుండీలు కుడుతూ, చొక్కా మెడలో కుట్టే అంకెలతో మొదలుపెట్టి, పొట్లాలు కట్టిన కాయితాల దాకా వచ్చింది. అంత వయసులో ఎందుకంత పట్టుదల అని ఎవరడిగినా చెప్పలేదు. మొదటి కాన్పులో పుట్టిన ఆడపిల్లకి పదకొండో నెలలో దగ్గొస్తే, పక్కింటావిడ ఇచ్చిన సిరప్ చెంచాడు పట్టింది. సీసా మీద చెంచాలో పావు అని రాసుందట. పిల్ల నిద్రపోయింది. లేవలేదు. అప్పటినుంచీ ఇంట్లోకి వచ్చిన ఏ మందైనా దానితో వచ్చే చీటీ చదవందే ఆవిడ ముట్టనివ్వదు. మందుల షాపాయన ఆవిడ కోసం కుర్చీ వేసి, పాత మందుల చీటీలు కూడా దాచి ఇచ్చేవాడు. అవన్నీ బిస్కెట్ల డబ్బాలో మడతలు పెట్టి ఉంచేది. కొడుకు ఎగతాళి చేసేవాడు. "మా అమ్మ చీటీల డాక్టరమ్మ! చదవేస్తే ఉన్న మతి పోయిందట వెనకటికెవడికో." కోడలు ఎగతాళి చెయ్యలేదు. షాపునుంచి మంచి కళ్ళజోడు చేయించి తెచ్చింది. "హాయిగా చదువుకోండత్తయ్యా" అంది.

ఆ కళ్ళజోడుతోనే చుక్కల మందు చీటీ చదివింది. చెడు ముందు చదవడం ఆవిడ అలవాటు. 'వాంతులు, నీరసం, మలబద్ధకం, కిడ్నీలకు హాని' అని ఉంది. ఐదో రోజు పొద్దున పిచ్చుక తాగిన పాలు కక్కాడు. పసిపిల్లలు కక్కుతారని ఆవిడకి తెలియదా? ఇద్దరు పిల్లల్ని కన్నది. అయినా వెళ్ళి చీటీ మళ్ళీ తీసి చూసింది. ఆ రోజు చుక్కలు వెయ్యలేదు.

సాయంత్రం కోడలు వచ్చి "వేశారా అత్తయ్యా?" అంది. లేదంటే, ఎందుకంటారు. చీటీలో చదివానంటే, కొడుకు నవ్వుతాడు. ఆ నవ్వుకి భయపడింది. ఏడు పదులు దాటిన మనిషి, ఒక నవ్వుకి. "వేశానమ్మాయ్" అని వెళ్ళి టిక్కు పెట్టింది.

మర్నాటినుంచి సీసాలో మందు తగ్గాలి కాబట్టి, రోజూ చుక్కలు వేసే గొట్టంలోకి గీత దాకా పీల్చి వంటింటి సింకులో పిండేది. జిడ్డుగా ఉండే మందు. సింకు అడుగున పసుప్పచ్చగా అంటుకునేది. సబ్బుతో తోమేది. తరవాత పెన్సిలు తీసి టిక్కు పెట్టేది. పెన్సిలు అరిగితే చెక్కేది కూడా. అబద్ధానికీ మొన సన్నగా ఉండాలన్నట్టు.

జనవరిలో మొదటి జలుబు చేసినప్పుడు, ఇవాళ్టినుంచైనా వేద్దామా అనుకుంది. గోడ వంక చూసింది. అన్ని టిక్కులు! వాటి పక్కన ఇప్పుడు నిజం టిక్కు పెడితే ఆ నిజానికే ఎగతాళిలా ఉంది. రేపు చూద్దాం అనుకుంది. ఆ రేపు ఫిబ్రవరి పదిహేడు దాటినా రాలేదు. పద్దెనిమిదిన పిచ్చుకని ఆసుపత్రిలో చేర్చారు.

ఆసుపత్రినుంచి వచ్చిన మర్నాడు కోడలు చుక్కల సీసా పట్టుకుని మందుల షాపుకి వెళ్ళింది. ముసలావిడని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది, సాక్ష్యానికి.

"ఎండలో పెట్టి అమ్మావా? తేదీ అయిపోయింది అంటగట్టావా? ఆరు సీసాలు కొన్నాం నీ దగ్గర! పిల్లాడి ఒంట్లో చుక్క లేదు!"

"అమ్మా, ఫ్రిజ్జు చూడండి, తేదీలు చూడండి," అన్నాడు షాపాయన. నలుగురు ఆగి చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. అమ్మమ్మగారూ, మీరు రోజూ వేశారు కదా? మీరైనా చెప్పండి, రంగేమైనా మారిందా?"

ముసలావిడ ఆయన వేసిన కుర్చీలోనే కూర్చుని ఉంది. "ఏమో బాబూ, నా కళ్ళకి ఆనలేదు" అంది. కొత్త కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

ఇంటికొచ్చాక కోడలు పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. పిల్లాడికి పాలిస్తూ, గోడవైపు తిరిగి, "షాపాయన తప్పు కాదేమో అత్తయ్యా," అంది. "నా పాలల్లోనే పస లేదేమో. నెలలోపే పనిలో చేరాను కదా."

నిలబడ్డ చోటే నేల చీలిపోతే బాగుండుననుకుంది ముసలావిడ. నేల ఎందుకు చీలుతుంది? కింద మూడు అంతస్తులున్నాయి.

ఇప్పుడు కోడలు సంచి జిప్పు లాగింది. సగంలో ఇరుక్కుంది. "ఎల్లుండే రక్తం తీస్తారట. ఈసారి ఒకేసారి ఆరు చిన్న సీసాల రక్తమట," అంది జిప్పుతో పెనుగులాడుతూ. "చేతిలో నరం దొరక్క మొన్న ఐదుసార్లు గుచ్చి, చివరికి అరికాల్లో తీశారు. పిచ్చి నాన్న, ఐదోసారికి ఏడవడం కూడా మానేశాడు."

పిచ్చుక అమ్మ గొంతు విని తల తిప్పి బోసిగా నవ్వాడు.

"అమ్మాయ్," అంది ముసలావిడ. "ఆ పరీక్షలు వద్దు."

"భయపడకండత్తయ్యా. పెద్ద డాక్టర్లు."

"వాడి ఒంట్లో లోపమేం లేదు. లోపం నాలో ఉంది. నేను చుక్కలు వెయ్యలేదు."

కోడలు జిప్పు వదలలేదు. "ఎప్పుడో ఒకటి రెండు రోజులు మరిచిపోతే..."

"నాలుగు రోజులు వేశాను. అంతే. మిగతాదంతా సింకులో పోశాను."

వంటింట్లో కొళాయి చుక్కచుక్కగా కారుతోంది. కోడలు మెల్లగా మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎందుకు?"

ముసలావిడ చెప్పింది. చీటీ, కక్కడం, కొడుకు నవ్వు. మొదటి పిల్ల సంగతి చెప్పబోయి ఆగిపోయింది. చనిపోయిన పసిదాన్ని అడ్డం పెట్టుకోవడానికి నోరు రాలేదు.

"ఆ చీటీ ఏది?"

పిల్లాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, బిస్కెట్ల డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆ చీటీ వెతకనక్కర్లేదు, పైనే ఉంది. కోడలు ఎనిమిది మడతలూ విప్పింది. వెలుగు చాలక కిటికీ దగ్గరికి వెళ్ళింది. చదివి, ముసలావిడ ఎప్పుడూ చదివే వైపు కాకుండా వెనక్కి తిప్పింది. అక్కడ చివరి వాక్యం ముందు వైపుకి సాగుతుంది. దాన్ని పైకి చదివింది.

"'డాక్టరు చెప్పిన మోతాదుకు ఎన్నో రెట్లు, చాలాకాలం ఇచ్చినప్పుడు మాత్రమే కనిపించేవి'. ఆ తరవాత పేజీ తిప్పితే, మీ వాంతులూ కిడ్నీలూ."

ముసలావిడ చీటీ తీసుకుని చూసింది. ఉంది. ఆరు నెలలుగా అక్కడే ఉంది. పేజీ నెత్తినుంచి మొదలుపెట్టింది కానీ, ఆ మాట వెనకనుంచి వస్తోందని చూసుకోలేదు.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదా," అంది కోడలు. అరిచుంటే బాగుండేది. "నేను నవ్వేదాన్ని కాదు. నేనెప్పుడైనా నవ్వానా మిమ్మల్ని చూసి?"

"లేదమ్మా."

"నా పాలు మంచివి కావేమోనని మీ ముందే ఏడ్చాను. విన్నారు కదా?"

"విన్నాను."

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. గోడ మీది కేలెండరు తీసింది, మేకుకి వెనక వేలాడుతున్న పోయినేడాదిదీ తీసింది. రెండూ తెచ్చి ముసలావిడ ముందు పెట్టి, చేతికి పెన్ను ఇచ్చింది.

"డాక్టరుకి చూపించాలి. నిజంగా వేసినవేవో వాటికి సున్నా చుట్టండి."

ముసలావిడ పెన్ను మూత తీసింది. సెప్టెంబరు పది. పదకొండు. పన్నెండు. పదమూడు. నాలుగు సున్నాలు. మిగిలిన నూట యాభై ఏడు టిక్కులూ సన్నటి మొనలతో, ఒకే ఏటవాలుగా, కుదురైన పిల్ల చేతిరాతలా నిలబడి ఉన్నాయి.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కొడుకు తలుపు తోసుకుని వచ్చాడు. "బండి కింద ఆగింది. ఏంటమ్మా, డాక్టరుగారు మందు రాస్తున్నట్టు పెన్ను పట్టుకుని..." అని నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఆపేశాడు.

"దార్లో చెప్తాను," అంది కోడలు. కేలెండర్లు చుట్టచుట్టి సంచిలో దోపింది. జిప్పు ఈసారి సాఫీగా పడింది.

ముసలావిడ పిచ్చుక అరికాలు పట్టుకుంది. కోడలు వద్దనలేదు. కాసేపు ఆగి, పిల్లాణ్ణి ఎత్తుకుంది. ఆ పాదం దానంతటదే ఆవిడ చేతిలోంచి జారింది.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "షాపాయనకి మీరే చెప్పండి," అంది కోడలు. "నేను నలుగురిలో అరిచాను. నలుగురూ ఉన్నప్పుడే చెప్పండి."

మధ్యాహ్నం ముసలావిడ గోడ పట్టుకుని డెబ్భై రెండు మెట్లూ దిగింది. షాపు దగ్గర నలుగురు పోగయ్యేదాకా నిలబడి చెప్పింది. షాపాయన విని, చేతిలోని మాత్రల అట్టని సరిగ్గా కత్తిరించి కొన్నవాడికి ఇచ్చాడు. కూర్చోమనలేదు. "పిల్లాడు బాగున్నాడా?" అని మాత్రం అడిగాడు.

బాగానే ఉన్నాడు. పెద్దాసుపత్రిలో కేలెండర్లు చూసి, పరీక్షలు ఆపేసి, మామూలు చుక్కలే కొనసాగించమన్నారు. మే నెలకి ఎనిమిది కాస్తా ముప్పై ఒకటి అయింది. కొడుకు ఫోను చేసి ఆ అంకె చెప్పాడు. జూలైలో బదిలీ పెట్టుకుని అతనూ అక్కడికే వెళ్ళాడు. అప్పుడప్పుడు వచ్చి చూసి పోతాడు.

కోడలూ పిచ్చుకా ఆ నాలుగో అంతస్తుకి మళ్ళీ రాలేదు. వాళ్ళు మెట్లు దిగింది మార్చి నాలుగో తేదీ, మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకి.