నడుము లేని ఓడ

పదకొండో రోజు పొద్దున ముక్కల మాస్టారు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ బొమ్మ ఓడ తాలూకు ఆఖరి సంచిలోని ముక్కలు ఏరుతున్నాడు. బల్లమీద ఆయన ముందు నలభై సాసర్లున్నాయి. మూసేసిన ఏదో క్యాంటీను నుంచి కొన్ని, ఇంట్లో కప్పులు పగిలి ఒంటరివైపోయినవి కొన్ని. ఏ రెండూ ఒక జాతివి కావు. కుడిచెయ్యి సంచిలోకి వెళ్తుంది, ఒక ప్లాస్టిక్ ముక్కను తీస్తుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి దొర్లించి దాని సాసర్లో పడేస్తుంది. కళ్ళకు ఈ వ్యవహారంతో సంబంధం లేదు. అవి ఎదురుమేడ మీద గాలికి తిరగబడ్డ గొడుగుతో కుస్తీ పడుతున్న ఒకాయన్ని చూసి వినోదిస్తున్నాయి.

"రంగు కళ్ళని మోసం చేస్తుంది. ఆకారం వేళ్ళని మోసం చెయ్యలేదు," అంటాడాయన, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. సాసర్లమీద చీటీలు అంటించుకోవచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తే, "మీ ఇంట్లో ఉప్పుడబ్బా మీద ఉప్పు అని రాసుకుంటారా?" అని ఎదురడుగుతాడు. సలహా ఇచ్చినవాడు మళ్ళీ ఆ గదిలోకి రాడు.

ఆయన చేసే పని ఏమిటో చెబితే చాలామంది నవ్వుతారు. ముక్కలు బిగించి బొమ్మలు కట్టుకునే పెట్టెలను అమ్మే దుకాణం అది. అమ్మకానికి పెట్టబోయే ప్రతి పెట్టెనూ ముందు ఆయన కట్టాలి. కట్టి, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో పది వాక్యాలు రాయాలి. ఆ పది వాక్యాలూ దుకాణం వెబ్‌సైటులో బొమ్మ పక్కన వస్తాయి. కింద పేరుండదు. అయినా కొనేవాళ్ళు ముందు వాటినే వెతుక్కుని చదువుతారు, ఎందుకంటే ఆయన కలానికి కాస్త కారం ఎక్కువ. ఒక రైలు గురించి, "వంపు దగ్గర వెంటనే పడిపోతుంది. తిన్నని దారిలో పడిపోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది" అని రాశాడు. ఒక కోట గురించి, "గోడలు గట్టివి, తలుపు తెరుచుకోదు. లోపలున్న రాజుగారికి నా సానుభూతి" అని రాశాడు. ఆయన కాదన్న పెట్టె తయారుచేసినవాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి.

ఈ ఓడ మామూలు పెట్టె కాదు. నాలుగువేల రెండువందల పదహారు ముక్కలు. మూడు తెరచాప స్తంభాలు, రెండు వైపులా ఫిరంగి కిటికీలు, వెనక అద్దాల గది, అందులో తలుపు తీస్తే అరచేతిలో సగం కూడా లేని ఒక బల్లా కుర్చీ. పొడవు బల్ల ఈ చివరినుంచి ఆ చివరికి వచ్చింది. తయారుచేసింది పెద్ద కంపెనీ ఏమీ కాదు, ఒక తల్లీ కూతురూ నడుపుకునే చిన్న కార్ఖానా. వాళ్ళ మొదటి పెద్ద బొమ్మ ఇదే. సూచనల పుస్తకం చివరి పేజీలో, "ఈ ఓడకు మాకు నాలుగేళ్ళు పట్టింది. మీకు నాలుగు వారాలు పట్టినా కంగారు పడకండి" అని అచ్చువేశారు. మాస్టారు మొదటిరోజే అది చదివి, "పదకొండు రోజులు చాలమ్మా" అని పుస్తకంతోనే చెప్పాడు.

ఆఖరి జెండా గుచ్చాక ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఎంత పెద్ద బొమ్మనైనా రెండు చేతులతో ఎత్తి చూడటం ఆయన పెట్టే చివరి పరీక్ష. ఇంట్లో ఎవరైనా దుమ్ము దులపాలంటే ఎత్తాలి కదా. ముక్కు కింద ఒక చెయ్యి, వెనకభాగం కింద ఒక చెయ్యి వేసి ఓడను మెల్లగా పైకి లేపాడు. మధ్యభాగం వేలెడు మేర కిందికి వాలింది. మూడు స్తంభాలూ ఒకదాన్నొకటి చూసుకోవడానికన్నట్టు వంగాయి. దించి, పక్కనున్న ఫిరంగి కిటికీ మూత తెరవబోయాడు. బిగుసుకుపోయింది. రెండోదీ అంతే. పన్నెండింటిలో ఏడు మూతలు గోటితో పెకలిస్తేగానీ రాలేదు.

ఆయనకు విచారం కలిగింది, దాని వెనకాలే ఒక వాక్యం తోచింది, దాంతో విచారం కాస్తా ఎగిరిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చుని రెండువేళ్ళతో కొట్టాడు. "నడుము లేని ఓడ. ఇందులో కదలాల్సినవి కదలవు, కదలకూడనిది ఊగుతుంది." మిగతా ఎనిమిది వాక్యాలూ వాటంతటవే వచ్చాయి.

యజమాని తెర మీదికి వంగి చదివి పకపకా నవ్వాడు. తండ్రి పోయాక దుకాణం చేతికొచ్చి ఎనిమిదేళ్ళయినా ఆయన్ని అందరూ చిన్నసారనే అంటారు.

"భలే రాశారు మాస్టారూ. పాపం, వాళ్ళు మాత్రం మునిగిపోతారు."

"ఓడ కట్టినవాళ్ళకి ఆ భయం ఉండాలి కదా సార్," అన్నాడు మాస్టారు.

"ఐదింటికి పేజీ పెట్టించేస్తా. పెట్టె రేపు వెనక్కి పంపేద్దాం."

పదకొండింటికి టేపు అక్క టీ తెచ్చింది. ప్యాకింగ్ ఆవిడ. అంటించే టేపు చుట్టను గాజులా ముంజేతికి తొడుక్కునే తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. మాస్టారు కంటే పదిహేనేళ్ళు చిన్నదైనా ఆయనక్కూడా అక్కే. స్టీలు గ్లాసును చీరచెంగుతో పట్టుకుని వచ్చి బల్లమీద పెట్టి వేళ్ళు ఊదుకుంది. మాస్టారు ఆ గ్లాసునే గుప్పిట నిండా పట్టుకుని తాగసాగాడు.

"అది చెయ్యా ఇనపముక్కా మాస్టారూ? సెగలు కక్కుతుంటే!"

"ఇరవై రెండేళ్ళ పనితనం అక్కా. వేళ్ళు రాటుదేలిపోయాయి," అన్నాడు ఆయన గర్వంగానే.

పొద్దున ఇంట్లో భార్య చొక్కా ముంజేతి బొత్తాలు పెడుతూ ఇంకోరకంగా అంది. మూడు నెలలుగా ఆ బొత్తాలు ఆమే పెడుతోంది. బొత్తం దొరకడం లేదని ఆయన దర్జీని తిడుతూ ఉంటే, ఆమె వింటూ వింటూ ఇవాళ, "ఏమండీ, షుగరున్నవాళ్ళకి వేళ్ళు మొద్దుబారతాయట. ఓసారి డాక్టరుకి చూపిద్దాం," అంది. "కుట్టడం చేతకానివాడు వాడైతే డాక్టరు నాకెందుకే?" అని ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పడ్డాయో లేదో కూడా ఈమధ్య వంగి చూసుకుంటున్నాడని ఆమె గమనించింది, ఆయన గమనించలేదు.

భోంచేశాక మాస్టారు తన రెండో పద్ధతికి దిగాడు. తప్పు పట్టిన ప్రతిచోటా విప్పి చూడాలి. రాసేముందు విప్పడం రివాజు. ఇవాళ వాక్యం మరీ తొందరపెట్టడంతో రాశాక విప్పుతున్నాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇన్నేళ్ళలో ఇలా వరస తప్పడం ఇదే మొదలు.

ఓడ పొట్ట మూడు భాగాలుగా కట్టి, ఒక్కో అతుకు దగ్గర ఎనిమిది పొట్టి పిన్నులతో కలిపారు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు కాబట్టి టేపు అక్కను పిలిచి ముక్కు వైపు పట్టుకోమన్నాడు. పిన్నులు ఒక్కొక్కటే లాగి ఆమె ఖాళీ చేతిలో వేశాడు. నాలుగు వేశాక ఆమె గుప్పిట మూసి తెరిచి, వేళ్ళతో వాటిని అటూ ఇటూ దొర్లించింది.

"ఇవి రెండు రకాలా మాస్టారూ?"

"ఒకటే రకం."

"కాదే. ఇది గరుగ్గా ఉంది, గీతలున్నాయి. ఇవి మూడూ నున్నగా జారిపోతున్నాయి. ఇదిగో చూడండి."

మాస్టారు రెండూ తీసుకుని, అలవాటు ప్రకారం కిటికీ వైపు చూస్తూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించాడు. ఒకదాన్ని దొర్లించాడు. రెండోదాన్ని దొర్లించాడు. మళ్ళీ మొదటిదాన్ని. రెండింటికీ తేడా లేదు. అసలు వేళ్ళమధ్య ఏదో ఉన్నదన్న సంగతి తప్ప ఆయనకు ఇంకేమీ తెలియలేదు.

టేపు అక్క చూస్తోంది. ఆయన ఒక పిన్నును మెల్లగా పైకి తెచ్చి కింది పెదవికి రాసుకున్నాడు. గీతలు గీరుకున్నాయి. రెండోదాన్ని రాసుకున్నాడు. నున్నగా జారింది.

అప్పుడు కళ్ళకు పని చెప్పాడు. ఒకటి నలుపు, రెండోది ముదురు బూడిదరంగు. పుస్తకం తీసి అతుకుల పేజీ చూశాడు. అతుకులకు నల్లవి వాడాలని, గట్టిగా పట్టుకునే గరుకు పిన్నులు అవేనని స్పష్టంగా బొమ్మ వేసి ఉంది. బూడిదరంగువి తేలిగ్గా తిరగాల్సిన కిటికీ మూతలకు. ఆయన రెండు రకాలనూ ఒకే సాసర్లో పోసి, చేతికొచ్చినదాన్ని చేతికొచ్చినచోట గుచ్చాడు. అందుకే మూతలు బిగుసుకున్నాయి, నడుము వాలింది. తల్లీకూతుళ్ళు కట్టిన ఓడకు నడుము నిక్షేపంగా ఉంది.

మాస్టారు కూర్చుండిపోయాడు. టేపు అక్క ఓడ ముక్కును జాగ్రత్తగా బల్లమీద దించి గది తలుపు దగ్గరికి వేసింది.

"ఇప్పుడు మించిపోయిందేముంది? మూడు కూడా కాలేదు. నేను ఏరిస్తా, మీరు గుచ్చండి. బాగుందని రాసేయండి. ఎవరికి తెలుస్తుంది?"

ఆమె నల్లవి ఏరి ఇచ్చింది, ఆయన గుచ్చాడు. మూతలకు బూడిదరంగువి పెట్టారు. గంటన్నర పట్టింది. చివర ఓడను రెండు చేతులతో ఎత్తితే దూలంలా తిన్నగా లేచింది. చిటికెనవేలితో తాకితే పన్నెండు మూతలూ టపటపా తెరుచుకున్నాయి. ఎంత అందమైన ఓడ! ఆయనకు నిజంగా సంతోషమేసింది, ఆ సంతోషంతోనే ఏడుపొచ్చింది.

"అక్కా, రెండు నెలల కిందట ఎర్ర క్రేను వచ్చింది, గుర్తుందా?"

"వెనక్కి పంపాం కదా. నేనే ప్యాక్ చేశా."

"చెయ్యి వాలిపోతోంది, దీన్ని ఎత్తడానికి ఇంకో క్రేను కావాలి అని రాశా. అందరూ నవ్వారు." ఆయన మిగిలిన పిన్నుల వైపు చూశాడు. "అందులోనూ ఈ పిన్నులే."

టేపు అక్క ముంజేతి మీది టేపును అటూ ఇటూ తిప్పుకుంటూ నిలబడింది.

నాలుగున్నరకు మాస్టారు చిన్నసారు గదికి వెళ్ళాడు. నుంచునే చెప్పాడు, ఉన్నదున్నట్టు, తన చేతుల గురించి వేరెవరివో అన్నట్టు. చిన్నసారు ముందు నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు మాస్టారూ."

"తెలిసేది సార్. మనం వద్దన్నా ఎవరో ఎక్కడో కొనుక్కుని కట్టుకుంటారు. ఓడ నిలబడుతుంది. అప్పుడు తెలిసేది, నాకు తప్ప అందరికీ."

"సరే, కట్టడానికి ఎవర్నైనా పెడదాం. మీరు చూసి రాయండి. మీ రాత కోసమే కదా జనం వచ్చేది."

"ఎవరో తిని చెబితే కూరలో ఉప్పు చాలలేదని నేనెలా రాయను సార్? క్రేను మళ్ళీ తెప్పించండి. వేరేవాళ్ళ చేత కట్టించండి. ఈ ఓడది నేను మార్చి రాసిస్తా. ఇక రేపట్నుంచి రాను."

చిన్నసారు కుర్చీలోంచి లేచాడు. తండ్రి కాలంనుంచి ఉన్న మనిషితో డాక్టరుకి చూపించుకోండి మాస్టారూ అని మాత్రం అన్నాడు. మా ఆవిడా అదే అంటోంది, వింటాను అన్నాడు మాస్టారు.

ఐదింటికి పేజీ వచ్చింది. టేపు అక్క తన ఫోనులో చదువుకుంది.

"మంచి ఓడ. ఇందులో కదలాల్సినవి కదులుతాయి, నిలబడాల్సింది నిలబడుతుంది. రెండు చేతులతో ఎత్తి దుమ్ము దులుపుకోవచ్చు. వెనక గదిలో బల్లా కుర్చీ ఉన్నాయి, తలుపు తీసి చూడటం మరిచిపోకండి. రెండు రకాల పిన్నులొస్తాయి. నల్లవి గరుకు, బూడిదరంగువి నునుపు. వాటిని కళ్ళతో చూసి ఏరుకోండి. ఇక్కడ కట్టినవాడు చూడకుండా ఏరి, ఓడకు నడుము లేదని తిట్టాడు. తయారుచేసినవాళ్ళు నాలుగేళ్ళు కష్టపడ్డామన్నారు, అది నిజం. నాలుగు వారాలు తీసుకోండి, పదకొండు రోజుల్లో కట్టాలని చూడకండి."

ఆమె లెక్కపెట్టింది. పది వాక్యాలే ఉన్నాయి. ఎప్పుడూ నవ్వించే మనిషి ఇలా రాశాడేమిటని చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, ఫ్యాను ఆపి, ఓడను కిటికీ వెలుగు పడేవైపు తిప్పి వెళ్ళిపోయాడు. వీధి మలుపు దగ్గర ఒకసారి ఆగి, వంగి, కుడికాలి చెప్పు ఉందో లేదో చూసుకుని, మళ్ళీ నడిచాడు. ఆయన్ని సాగనంపడానికి ఎవరూ బయటికి రాలేదు, వెళ్ళేది రోజూ వెళ్ళే టైముకే కాబట్టి.

టేపు అక్క గదికి తాళం వేయడానికి వెళ్ళింది. ముప్ఫై ఎనిమిది సాసర్లు తుడిచి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రెండు మాత్రం విడిగా, ఓడ పక్కన పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో మిగిలిన నల్ల పిన్నులు, రెండోదాంట్లో బూడిదరంగువి, రెండింటికీ అంచున ఆమె టేపుతోనే వంకరగా అంటించిన కాగితం చీటీలు, వాటిమీద పెద్దపెద్ద అక్షరాలతో "గరుకు" అని ఒకదానికి, "నునుపు" అని ఇంకోదానికి.