గుమ్మంలో ఆగిన అరుపు

వీధి చివర అరుపు వినపడింది. సైకిళ్లు బాగుచేసే ఆయన చేతిలో పంపు పక్కన పడేసి, "చెల్లెమ్మా, మీ పిట్ట అరుపు బయల్దేరింది! పొయ్యి కట్టెయ్!" అని కేకేశాడు.

పిట్ట అంటే ఆ చెల్లెమ్మ ఆరేళ్ల కూతురు. మాటలు రాలేదు గానీ కూనిరాగం తీస్తే ఎంత బాగుండేదో! దాని అరుపు మాత్రం వీధి చివర పుట్టి, తాపీగా నడుచుకుంటూ వచ్చి దాని నోట్లో దూరేది. అదీ సరిగ్గా భోజనాల వేళకి! ఇక పిల్ల తల గోడకేసి కొట్టుకోవడమే. అమ్మ మధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టేది. ఇంటిల్లిపాదీ కలిసి తిన్న పూట ఎవరికీ గుర్తులేదు.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ ఉద్రేకం తగ్గించే మందు మీద పరిశోధన జరుగుతోందంటే పిట్టని అందులో చేర్పించారు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త తీపి నీళ్లు. ఎవరికేదో ఆ పరిశోధన చేసే డాక్టరమ్మకూ తెలియదు. మనవాళ్లు ఊరుకుంటారా? నాన్న చెంచా నాకి, "చేదు! అసలు మందే!" అన్నాడు.

నాయనమ్మ చప్పరించి, "నీ మొహం, బెల్లం నీళ్లలా ఉంటే!" అంది.

కొన్నాళ్లకు అరుపు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి రాదు, వెనక్కి పోదు, వానలో తడిసిన కుక్కలా మెట్టు మీదే నిలబడేది. వీధంతా సంబరపడింది. కానీ పిట్ట కూనిరాగమూ ఆగింది. ముద్ద ముట్టదు. గుమ్మం వైపే చూపు.

అమ్మ ఫోన్ చేసింది. "అరుపు ఆగిందండీ. పిల్ల కూడా ఆగిపోయింది."

డాక్టరమ్మ పిట్ట కాగితాలు తిరగేసింది. "మందు వల్లో కాదో నాకే తెలియట్లేదమ్మా. ఇవాళ వెయ్యకండి. పొద్దున్నే తీసుకురండి."

ఆ సాయంత్రం వీధి తలుపు వేసే ఉంది, వడ్డించిన అన్నం చల్లారిపోతోంది.

"తలుపు తీస్తే మళ్లీ మొదటికొస్తుందమ్మా," అన్నాడు నాన్న.

"రానీరా. దాన్ని బయట నిలబెట్టి మనకి ముద్ద దిగుతుందా?" అంది నాయనమ్మ.

అమ్మ అరచెయ్యి గోడకానించి, "తియ్యండి," అంది.

అరుపు లోపలికొచ్చింది. ఇన్నాళ్లు బయట నిలబడి గొంతు బొంగురుపోయింది పాపం. పిట్ట నోట్లో దూరింది, తల నాలుగుసార్లు అమ్మ చేతికి కొట్టించింది, అలిసిపోయి బయటికొచ్చి పిల్ల పక్కనే చతికిలబడింది. పిట్ట పళ్లెం దగ్గరికి లాక్కుంది. సన్నగా రాగం మొదలైంది.

రేపు డాక్టరమ్మ ఏమంటుందో ఎవరికీ తెలియదు.

"దానికీ ఓ పళ్లెం పెట్టరా," అంది నాయనమ్మ.

పెట్టాడు. అందరూ కూర్చున్నారు. అమ్మ చెయ్యి వాచిపోయింది, నాన్నే కలిపి ఆమె నోట్లో పెట్టాడు.