ఏ ఆట కష్టమో తేల్చిన మంగళవారం

ఇలా దగ్గరికి జరుగు వాసవీ. ఆ ఫోను పక్కన పెట్టి విను. సెలవులయ్యి నువ్వు సస్కటూన్‌లో కాలేజీకి వెళ్ళిపోయేలోపు ఈ సంగతి చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు.

మా మనవరాలు నిఖిల నీతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదు కదూ. ఎందుకో చెబుతాను. మా విన్నిపెగ్‌లో మంచు కరగ్గానే దాని స్కూల్లో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టు కట్టారు. కాలితో తన్నే సాకర్ కాదు, అమెరికా వాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారే, అది. ఊహ తెలిసినప్పటి నుంచి సాకర్ ఆడుతున్న పిల్ల ఇది. దీని చేతి విసురు చూసి కోచ్ ముచ్చటపడి, బంతి విసిరే స్థానం నీకే ఇస్తానంది. రెండు ఆటలూ ఒకే వేళకు పడ్డాయి, ఒకటి మానాలి. మంగళవారం సాయంత్రంలోగా మీ అమ్మానాన్నల చేత సరేననిపించు అంది.

ఇక చూడు, మా అమ్మాయి పద్మిని, అల్లుడు కోదండరామ్ భోజనాల బల్ల దగ్గర పంచాయితీ పెట్టారు. ఎంపీసీయా బైపీసీయా అని వెనకటికి పద్మిని చదువప్పుడు జరిగిన రభసే మళ్ళీ.

"సాకర్ అంటే స్టామినా. ఆగకుండా పరిగెత్తాలి, పరిగెడుతూనే ఆలోచించాలి. ఫుట్‌బాల్‌లో నాలుగు సెకన్లు ఆడి, అరనిమిషం నించుంటారు. అదేం కష్టం?" అన్నాడు అల్లుడు.

"ఆ నాలుగు సెకన్లలో నలుగురు మీద పడితే? మీరు పడతారా కింద?" అంది పద్మిని.

"నాకు తెలుసులే. డాలస్‌లో ఉండగా ఒక్క మ్యాచ్ వదల్లేదు."

"సోఫాలో కూర్చుని చూశారు. దెబ్బలు సోఫాకి కూడా తగల్లేదు."

"మీరు చెప్పండి అత్తయ్యగారూ" అని నా వైపు తిరిగాడు.

నేనేం చెప్పను? నిఖిలని దింపి తెచ్చేటప్పుడు రెండు ఆటలూ చూశాను. సాకర్ పెళ్ళి పంక్తిలో వడ్డన లాంటిది. నిలబడటానికి ఉండదు, ఏ విస్తరి ఖాళీ అయిందో నడుస్తూనే కనిపెట్టాలి. ఫుట్‌బాల్ ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో దంచడం. పోటుకీ పోటుకీ మధ్య ఊపిరి పీల్చుకోవచ్చు, కానీ ప్రతి పోటుకూ ఒంట్లో ఉన్నదంతా పెట్టాలి, వరస తప్పితే ఎదుటిదాని రోకలి నీ చేతి మీదే. నేను రెండూ చేసినదాన్ని. వడ్డన రోజు కాళ్ళు పోయేవి, దంపుడు రోజు భుజాలు పోయేవి. తిన్నవాళ్ళెవరూ ఏది కష్టమని అడగలేదు.

"కష్టం సంగతి అలా ఉంచి, ఆడే పిల్లని అడగండి" అన్నాను. వినలేదు. నేనే మేడ మీదికి వెళ్ళి అడిగాను.

"ఫుట్‌బాల్, అమ్మమ్మా" అంది నిఖిల. "సాకర్‌లో ఐ జస్ట్ రన్. ఇక్కడ ఐ థింక్ ఫస్ట్, దెన్ థ్రో."

దాని ఇంగ్లీషు నాకు సగమే తెలుస్తుంది. ముఖం మాత్రం మొత్తం తెలిసింది. కిందికి వచ్చి పోరాను, పోరాను. మంగళవారం మధ్యాహ్నానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. హమ్మయ్య అనుకునేంతలో అల్లుడు క్యాలెండర్ చూశాడు.

"ఇవాళ మంగళవారం కదా. కొత్త పని, అందులో దెబ్బలు తగిలే పని. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెబుదాం."

అన్ని రోజులుగా ఒక్క మాటకూ కలవని పద్మిని, దీనికి మాత్రం తల ఊపింది.

మంగళవారం పట్టింపు నాకు తెలియదా? వీళ్ళకు నేర్పిందే నేను. "ప్రయాణానికి చూడండి, పెళ్ళికి చూడండి. అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి వారమేమిటి నాయనా" అని మొత్తుకున్నాను. "ఒక్క పూటే కదమ్మా" అంది పద్మిని.

బుధవారం ఫోన్ చేస్తే, ఆ స్థానం సాయంత్రమే వేరే పిల్లకు ఇచ్చేశానంది కోచ్.

"పోనీలే, సాకరే మంచిది, మెదడుకు పదును" అన్నాడు అల్లుడు. అప్పుడు కూడా బేరీజులే. నిఖిల బూట్లు విప్పుతూ ఒక్క మాటంది: "యూ గైస్ వర్ నెవర్ ఈవెన్ ఆన్ ద ఫీల్డ్." ఆ మాటకు అర్థం నేనెవరినీ అడగక్కర్లేకపోయింది. ఇప్పుడు సాకర్‌కి వెళుతుంది, వస్తుంది. గెలిచారా అంటే భుజాలు ఎగరేస్తుంది.

సస్కటూన్‌లో మన వాళ్ళ ఇళ్ళకు భోజనాలకు పిలుస్తారు కదా నిన్ను. ఏ ఇంట్లోనైనా పిల్లల ఆట మీద పెద్దవాళ్ళ వాదన లేస్తే, ఇది గుర్తుపెట్టుకుని చెప్పు తల్లీ. ఒక్క పొల్లు వదలకుండా చెప్పు. మా వాళ్ళ పేర్లు మార్చక్కర్లేదు.