ఇంగ్లీషువాడి నోట పందికొక్కు

నేను ఒక మాటను. ఇంగ్లీషు నిఘంటువులో నా పేరు బాండికూట్. అయినా దొరల బిడ్డను కాను. పుట్టింది తెలుగువాళ్ల నోట, పందికొక్కుగా. పంది మా నాన్న, కొక్కు మా అమ్మ. కొక్కంటే పాత తెలుగులో ఎలుక. నాన్నవైపు చుట్టాలు తమిళంలో పన్ఱి, కన్నడంలో హంది. వాళ్లు ఇంటిపట్టునే ఉండిపోయారు. సముద్రం దాటింది నేను.

కుంపిణీ రోజులవి. నెల్లూరు తీరంలో ఒక ధాన్యపు కొట్టు. దానికి కాపలా యానాది పోలయ్య. ఒక ఉదయం తలుపు తీస్తే గోతాలు సగం ఖాళీ. కుంపిణీ దొర హుకుంతో పోలయ్యను రాటకు కట్టేశారు. ధాన్యం ఎక్కడ దాచాడో చెప్పకపోతే పొద్దు గుంకేలోగా యాభై కొరడా దెబ్బలు.

"పందికొక్కులు లాక్కుపోయినాయి సామీ!" అన్నాడు పోలయ్య.

దుబాసీ వెంగళప్ప పకపకా నవ్వాడు. "కన్నంలో దొరికిన గింజ తవ్వినోడిదేనని మీ కట్టుబాటు కదరా! నువ్వే దాచి నువ్వే తవ్వుకుందామనా?"

ఆ మాటే ఇంగ్లీషులో దొరకు చెప్పాడు. దొర కొరడా తెమ్మన్నాడు.

అప్పుడు పోలయ్య భార్య మానికి, అడుగున చిల్లున్న కుండతో ముందుకొచ్చింది. "కొట్టేదానికి ఏం తొందర సామీ? దొంగని నేను పట్టిస్తా. దొరని చూడమను."

గోడవారనున్న కన్నాలన్నీ మట్టితో మూసింది, ఒక్కటి తప్ప. కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, మూతిని కన్నానికి ఆనించి, చిల్లులోంచి ఊదింది. పొగంతా లోపలికి పోయింది. కాసేపాగి గడ్డపారతో తవ్వితే, పిల్లి అంత పందికొక్కు సొమ్మసిల్లి దొరికింది. దాని వెనక గుంత నిండా ధాన్యం, కొరికిన గోతాల పీలికలతో సహా.

దొర కళ్లు పెద్దవయ్యాయి. ఆ జంతువుకు ఆయన భాషలో పేరే లేదు.

"పందికొక్కు దొరా," అంది మానికి.

ఆయన నోరు తిరిగినంత మేరకు నన్ను పలికాడు. పైవాళ్లకు రాసిన ఉత్తరంలో దొంగ పేరున్న చోట పోలయ్య పేరు కొట్టేసి నన్ను రాశాడు. కట్లు విప్పారు.

మానికి కొంగు పరిచింది. "గింజలు తవ్వినోళ్లయ్యే కదా సామీ. కట్టుబాటు నువ్వే చెప్తివి!" వెంగళప్ప గుంతకు అడ్డం తప్పుకున్నాడు.

ఆ ఉత్తరంతోనే ఓడెక్కాను. తర్వాత ఆస్ట్రేలియాలో, గోతం మొహమైనా చూడని, పొట్టసంచిలో పిల్లల్ని మోసే ఒక జంతువుకు నన్ను తగిలించారు. మనుషులకు ఎవరో ఒకరి మీద పేరు పెట్టందే తోచదు!

నిఘంటువులో నా ఇరుగుపొరుగు లాటిన్ వాళ్లు, గ్రీకు వాళ్లు. గొప్ప వంశాలే. నా పక్కన 'తెలుగు' అని రాసి ఉంటుంది. వాళ్లు పండితుల పుస్తకాల్లోంచి వచ్చారేమో. నేను ఒక మనిషి వీపును కాపాడి వచ్చాను.