మద్దిలేటి గాడిదా, నా ఒంటికన్నూ

నేను ఒక సూక్ష్మదర్శినిని. నోరు తిరగనివాళ్ళు మైక్రోస్కోపు అంటారు, అదీ తిరగనివాళ్ళు ‘అద్దాల మిషను’ అంటారు. ఏ పేరు పెట్టి పిలిచినా పలకను. పలకడం నా పని కాదు, చూపడం నా పని. జనం కళ్ళు తెరిపించేదాన్నే గానీ ముందు ఒక కన్ను మూయిస్తాను, నాకున్న గొట్టం ఒక్కటే మరి!

పుట్టింది అంబాలాలో. మొదటి కొలువు కర్నూలులో ఒక కాలేజీ. నాలోంచి ఉల్లిపొర చూడమంటే పిల్లలు కిటికీలోంచి ఉల్లాసంగా వీధిని చూసేవారు. తర్వాత ఒక రక్తపరీక్షల దుకాణం చేరాను. దాని యజమాని కొత్త మిషను కొని నన్ను మూలకు నెట్టాడు. ఆ మూలలోంచి లేవదీసింది పశువుల డాక్టరు హైమవతి గారు. అప్పటినుంచి నా బతుకు పేడపాలు! మొదట్లో కొంచెం బాధపడ్డాను. పేడలోనే పీడ బయటపడుతుందని తెలిశాక మానేశాను.

ఒకరోజు ఖాసిం వలి వచ్చాడు. పెళ్ళిళ్ళకు గుర్రాన్ని తిప్పేవాడు కదా, లడ్డూలు తెచ్చాడనుకున్నాను. తెచ్చింది లద్దె! అతనికున్నది ఒక్కటే గుర్రం, బాద్‌షా. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు దాని వీపుమీద నుంచే సంసారంలో పడ్డారు. ఆ గుర్రానికి ఇప్పుడు విడవని దగ్గు, కారే ముక్కు. వీధి వీధంతా అది గ్లాండర్స్ అనే అంటురోగమని తేల్చేసింది. ఆ రోగమే అయితే జంతువును చంపి పూడ్చాల్సిందే.

“మేడం, నా బాద్‌షాను సంపేస్తారా?”

“రక్తం పరీక్షకు పంపించినాం కదా వలీ. రిపోర్టు రానీ. అంతదాకా పెళ్ళిళ్ళకు తీస్కపోవద్దు.”

ఈలోగా గుర్రం లద్దె నా కిందికొచ్చింది. పురుగుల జాడేమీ కనిపించలేదు. వలి సంతోషిస్తాడనుకుంటే అక్కడే కూలబడ్డాడు.

“పురుగుల్లేవంటే ఇంగ ఆ రోగమే!”

మనుషులతో ఇదే చిక్కు. ఏమీ లేదని చూపిస్తే, పెద్దదేదో ఉందని అర్థం చేసుకుంటారు.

డాక్టరమ్మ మాత్రం ఇంకో ప్రశ్న వేసింది. “బాద్‌షాకు తోడు ఎవరుంటారు?”

“ఒంటిగా నిలబడదు మేడం, తన్నుకుంటాది. మద్దిలేటన్న గాడ్దితోనే దోస్తీ. రెండూ ఒకే బీట్లో మేస్తాయి.”

ఇసుక మోయించే మద్దిలేటికి కబురు వెళ్ళింది. అతను మీసం దువ్వుకుంటూనే దిగాడు.

“నా గాడ్దినా అనుమానించేది? పైల్వాన్ మాదిరుండాది! దగ్గేది వాని గుర్రమైతే లద్దె నా గాడ్దిదా?”

“అన్నా, పిడికెడు ఇయ్యన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“లద్దెకు కాళ్ళు పట్టుకుంటారేందిరా! గంపెడు తీస్కో పో.”

డాక్టరమ్మ ఆ తాజా లద్దెను పల్చటి గుడ్డలో మూటకట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోసిన గరాటులో వేలాడదీసింది. మర్నాడు గరాటు అడుగున చేరిన చుక్క తీసి నా కింద పెట్టింది. దారప్పోగుల్లాంటి పిల్లపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఇద్దరినీ పిలిచి చూపించింది.

“ఇది ఊపిరితిత్తుల పురుగు. గాడిద లోపల హాయిగా కాపురముంటుంది, దగ్గు కూడా రానీదు. లద్దెలోంచి గడ్డికి, గడ్డిలోంచి గుర్రానికి చేరుతుంది. గుర్రం లోపల అది సరిగ్గా ఎదగదు, అందుకే లద్దెలో దొరకదు. దగ్గు మాత్రం దొరుకుతుంది.”

“పురుగుల్ని మేపేది నాది, దగ్గేది వానిదా!” అన్నాడు మద్దిలేటి. మీసం కాస్త కిందికి దిగింది.

ఆ తర్వాత రక్తం రిపోర్టు కూడా వచ్చింది. గ్లాండర్స్ కాదు! వలి ఏడుస్తూ వెళ్ళి గాడిద మెడ వాటేసుకున్నాడు. పురుగు అంటించినదాన్ని పట్టుకుని ముద్దులాడటం మనుషులకే చెల్లు.

ఛాతీ చుట్టూ టేపు పెట్టి, బరువు అంచనా కట్టి, రెండింటికీ మందు పట్టించారు. గుర్రానికో బీడు, గాడిదకో బీడు. మధ్యలో తడికె ఒకటే ఉండేలా, ఒకరినొకరు చూసుకునేలా. లద్దె ఎప్పటికప్పుడు ఎత్తి దూరంగా కుప్ప వేయాలన్నది డాక్టరమ్మ. “మళ్ళీ పరీక్ష చేయకుండా మందు పట్టించొద్దు. పురుగులు మందుకు అలవాటు పడితే మనకే కష్టం.”

కొన్ని వారాలకు దగ్గు పోయింది. గాడిద లద్దె మళ్ళీ నా దగ్గరికొచ్చింది. డాక్టరమ్మ చూసి నవ్వి, వలిని ముందుకు పిలిచింది. అతను నామీదికి వంగి, నాలోని గుండ్రటి వెలుగును చూస్తూ చాలాసేపు లేవలేదు.

“ఏం కనపడతాందిరా?” మద్దిలేటి ఆత్రం పట్టలేక భుజం గుంజాడు.

“ఏం లేదన్నా,” అన్నాడు వలి, కన్ను తీయకుండానే. “అంతా ఎన్నెల.”