పదకొండు తప్పులు

కిందటేడు నీట్‌లో ఆయేషా చేసినవి రెండే తప్పులు. ఆ మాట నల్లపాడులో వీధంతా చెప్పుకుని మురిసిపోయింది వాళ్లమ్మ నసీమున్నీసా. నలభై ఒక్క ప్రశ్నలు ముట్టుకోకుండా వదిలేసిన సంగతి మాత్రం బయటివాళ్లెవరికీ చెప్పలేదు. తప్పయితే ఒక మార్కు కోస్తారు. ఆ ఒక్క మార్కుకు భయపడి నాలుగేసి మార్కులు నలభై ఒక్కసార్లు వదులుకుంది పిచ్చిపిల్ల. ముప్ఫై మార్కుల తేడాతో డాక్టరు సీటు పోయింది.

ఇక ఈ ఏడే ఆఖరు. రాకపోతే దగ్గర్లో డిగ్రీలో చేరాలని ఇంట్లో ఒప్పందం. అయినా ప్రాక్టీసు పరీక్ష రాసినప్పుడల్లా అదే తంతు. రెండు జవాబులు కావని కొట్టేసేది, మిగిలిన రెండింటి మధ్య పెన్ను పట్టుకుని కూర్చునేది, చివరికి ఖాళీగా వదిలేసేది.

పరీక్ష మూడు వారాలుందనగా, ఆయేషా తన తండ్రి సుభానీ మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి మిర్చి యార్డుకెళ్లింది. అక్కడ ఒక వ్యాపారి దగ్గర సరుకు చూసే పని ఆయనది. మిర్చి టిక్కీలో, అంటే బస్తాలో, మోచేతిదాకా చేయి దూర్చి, గుప్పెడు కాయలు నలిపి తేమ ఎంత శాతమో చెబుతాడు. వెనకాలే కుర్ర గుమాస్తా అస్లాం తేమ కొలిచే మిషన్ పెట్టి సరిచూస్తాడు.

"పన్నెండు," అన్నాడు సుభానీ. మిషనూ పన్నెండే చూపించింది.

తర్వాతి టిక్కీకి "పదకొండు," అన్నాడు. మిషన్ పద్నాలుగు చూపించింది. అస్లాం కిసుక్కున నవ్వాడు. ఆయేషాకు తల కొట్టేసినట్టయింది. సుభానీ అప్పటికే పక్క టిక్కీలో చేయి పెట్టాడు.

ఆయన అన్నం తింటుంటే మెల్లగా అడిగింది.

"తప్పు చెబితే భయం వెయ్యదా నాన్నా?"

"ఎందుకెయ్యదూ? ముప్ఫై ఏళ్ల నుంచీ వేస్తానే ఉంది. అట్టాగని చెప్పకుండా కూర్చుంటే నన్నెవరుంచుకుంటారమ్మా? పదింట్లో ఏడు నిలబడితే చాలు."

"అసలేం తెలియకపోతే?"

"చేతికేమీ తగల్లేదనుకో, ముందే మిషన్ పెట్టమంటా. అట్టాంటివి వందలో ఒకటో రెండో. అన్నిటికీ మిషనే అంటే ఇక నేనెందుకు?"

పరీక్షలో ఫిజిక్సు చుక్కలు చూపించింది. రెండు జవాబులు మిగిలిన మొదటి ప్రశ్న దగ్గర ఆయేషా పెన్ను ఆగిపోయింది. మనసు కాస్త మూడోదానివైపు మొగ్గింది. ఊపిరి బిగబట్టి ఆ గుండ్రం నింపేసి, మళ్లీ చూడకుండా పక్క ప్రశ్నకు వెళ్లిపోయింది. అలా ముప్ఫై నింపింది. నాలుగూ ఒకేలా కనిపించిన ఐదింటిని నిశ్చింతగా వదిలేసింది.

ముప్ఫైలో పంతొమ్మిది నిలిచాయి, పదకొండు పోయాయి.

సీటు వచ్చిందని తెలిసిన రోజు సుభానీ పెందలాడే ఇంటికొచ్చాడు. నసీమున్నీసా ఏడుస్తూనే పాయసం కలుపుతోంది. అందరూ మార్కులడిగితే ఆయన మాత్రం కూతురి పక్కన కూలబడి, "ఆ తప్పులేవో చూపించమ్మా," అన్నాడు.

ఆయేషా తను నింపిన షీటు ఫోనులో తెరిచి, పదకొండూ ఒక్కొక్కటే చూపించింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ప్రతి నల్ల చుక్క దగ్గరా ఆగి, కళ్లు చికిలించి చూశాడు.

"కిందటేడు ఇట్టాంటియ్యన్నీ ఖాళీయే గదమ్మా," అన్నాడు.